సీటు బెల్ట్ కోసం రాకెట్ బండెక్కిన డాక్టర్.. ఎవరీ జాన్ పాల్ స్టాప్?

ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి సూర్యలంక బీచ్‌కి బయల్దేరిన కార్లలోకి ఒక్కసారి తొంగి చూడండి. చాలా కార్లలో డ్రైవర్ సీటు బెల్ట్ పెట్టుకోడు. బీప్ సౌండ్ రాకుండా ఖాళీ క్లిప్ ఒకటి గుచ్చేసి ఉంటుంది. ముందు సీట్లో ఆవిడ ఒళ్లో చంటిపిల్లాడు. వెనక నలుగురు. పొన్నూరు దాటితే బాపట్ల ఎంతసేపు, దగ్గరేగా అనుకుంటారు. రేపల్లె నుంచి 216 నేషనల్ హైవే మీద బాపట్ల వైపు వచ్చే కార్లలోనూ ఇదే సీన్. ఏదన్నా జరిగితే మాత్రం, రాసిపెట్టి ఉందిలే అనేస్తారు.

అది రాత కాదు, లెక్క అని తన ఒంటి మీదే నిరూపించిన డాక్టర్ ఒకాయన ఉన్నారు. పేరు జాన్ పాల్ స్టాప్. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ వేరే కానీ తెలుగులో రాస్తే పేరులోనే స్టాప్ ఉంది. జీవితమంతా ఆయన చేసిన పని కూడా అదే. ఎంత వేగంలో ఎంత సడెన్‌గా ఆగితే మనిషి బతుకుతాడో కనిపెట్టడం!

చంటిబిడ్డ చావుతో మలుపు

స్టాప్ 1910 జులై 11న బ్రెజిల్‌లోని బాహియాలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వెళ్లిన క్రైస్తవ మిషనరీలు. చదువు కోసం అమెరికా వచ్చారు. 1928 క్రిస్మస్ సెలవుల్లో బంధువుల ఇంట్లో ఓ పసిబిడ్డ నిప్పుల్లో పడి కాలిపోయింది. దగ్గరుండి సేవ చేసినా బిడ్డ దక్కలేదు. అప్పుడే డాక్టర్ కావాలని గట్టిగా అనుకున్నారు.

కానీ చేతిలో డబ్బుల్లేవు. ముందు బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశారు. ఆ తర్వాతే మెడిసిన్. 1944లో డాక్టర్ పట్టా చేతికొచ్చింది. అదే ఏడాది సైన్యంలో చేరారు.

ఢీకొన్నప్పుడు అసలేం జరుగుతుంది?

స్టాప్ కథ అర్థం కావాలంటే ముందు ఈ లెక్క తెలియాలి. యాక్సిడెంట్‌లో ఢీకొట్టడం ఒక్కసారి కాదు, మూడు సార్లు జరుగుతుంది. మొదట కారు చెట్టునో లారీనో గుద్దుతుంది. లోపలున్న మనిషి మాత్రం ఇంకా పాత స్పీడ్‌తోనే ముందుకెళ్లి స్టీరింగ్‌నో అద్దాన్నో గుద్దుకుంటాడు. ఆ తర్వాత ఒంట్లోని గుండె, మెదడు వెళ్లి ఎముకలకు కొట్టుకుంటాయి.

ప్రాణం తీసేది స్పీడ్ ఒక్కటే కాదు. ఆ స్పీడ్ ఎంత తక్కువ దూరంలో సున్నా అయిందన్నదే అసలు పాయింట్. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం అంటే దాదాపు 14 మీటర్ల ఎత్తు, అంటే నాలుగైదు అంతస్తుల మీద నుంచి కింద పడటంతో సమానం. అదే 30లో వెళ్తుంటే ఆ ఎత్తు మూడున్నర మీటర్లే. స్పీడ్ రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు!

బెల్ట్ పెట్టుకున్న మనిషి, ముందు భాగం నలిగిపోతున్న కారుతో పాటే ఓ 60 సెంటీమీటర్ల దూరంలో ఆగాడనుకుందాం. ఒంటి మీద పడే బలం అతని బరువుకి సుమారు 24 రెట్లు. బెల్ట్ లేకుండా వెళ్లి డాష్‌బోర్డుకి తగిలి 5 సెంటీమీటర్లలో ఆగితే? 280 రెట్లు పైమాటే. కారు అదే, స్పీడ్ అదే. తేడా అంతా ఆగడానికి దొరికిన ఆ జానెడు, మూరెడు జాగాలోనే ఉంది.

బొమ్మ ఎగిరిపోయింది.. మనిషి ఎక్కాడు

1940ల్లో ఎవరికీ ఈ క్లారిటీ లేదు. సొంత బరువుకి 18 రెట్లు బలం పడితే మనిషి బతకడని అప్పట్లో నమ్మేవాళ్లు. విమానాల సీట్లు కూడా ఆ లెక్కతోనే చేసేవాళ్లు. అంటే విమానం కూలినప్పుడు మనిషి తట్టుకోగలిగినా సీటే ఊడిపోయేది.

దాన్ని తేల్చడానికి కాలిఫోర్నియా ఎడారిలోని మ్యూరాక్‌లో పట్టాల మీద రాకెట్లతో పరిగెత్తే బండి ఒకటి పెట్టారు. ముందు అందులో మనిషంత బొమ్మని కూర్చోబెట్టి చూశారు. ఓసారి బండి ఆగింది కానీ బొమ్మ ఆగలేదు. బెల్టులు తెగి వందల అడుగుల దూరం ఎగిరి పడింది.

1947 డిసెంబరులో ఆ సీట్లో స్టాప్ తానే కూర్చున్నారు. వేరేవాళ్ల ప్రాణాలతో ప్రయోగం ఎందుకన్నది ఆయన లెక్క. ఏడాది తిరిగేసరికి 35 రెట్ల బలాన్ని తట్టుకున్నారు. ఊరికే ఏం కాదు. మణికట్టు విరిగింది. పక్కటెముకలు చిట్లాయి. పళ్లలో సిమెంట్ ఊడిపోయింది.

మర్ఫీ లా కూడా ఈ ప్రాజెక్టు నుంచే వచ్చింది. 1949లో బలాన్ని కొలిచే సెన్సర్లను తిరగేసి బిగించారు. రీడింగ్ సున్నా వచ్చింది. తప్పు జరిగే దారి ఉంటే ఎవరో ఒకరు ఆ దారినే వెళ్తారని ఇంజినీర్ ఎడ్వర్డ్ మర్ఫీ విసుక్కున్నారు. స్టాప్ మాత్రం దాన్ని సేఫ్టీ సూత్రంగా తీసుకున్నారు. తప్పు జరుగుతుందని ముందే అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలన్నమాట.

1.4 సెకన్లు.. కళ్లు పోయాయనుకున్నారు

1954 డిసెంబరు 10. న్యూ మెక్సికోలోని హోలోమన్ ఎయిర్ ఫోర్స్ స్థావరం. 9 రాకెట్లున్న బండికి స్టాప్‌ని బెల్టులతో బిగించి కట్టేశారు. 5 సెకన్లలో స్పీడ్ గంటకు 1,017 కిలోమీటర్లు! ఆ స్పీడ్ ఉంటే తెనాలి నుంచి రేపల్లెకి రెండు నిమిషాలు చాలు. పైన ఎగురుతున్న జెట్ విమానాన్ని కూడా దాటేసింది.

ఆ తర్వాత నీళ్ల బ్రేకులు పడ్డాయి. 1.4 సెకన్లలో బండి ఆగిపోయింది. ఒక దశలో స్టాప్ ఒంటి మీద ఆయన బరువుకి 46.2 రెట్లు బలం పడింది. కళ్లలో రక్తనాళాలు చిట్లి చూపు పోయింది. ఇలా జరగొచ్చని భయపడి ముందే చీకట్లో బట్టలు వేసుకోవడం ప్రాక్టీస్ చేశారని చెబుతారు. అదృష్టం కొద్దీ చూపు తిరిగొచ్చింది. అదే ఆయన ఆఖరి రాకెట్ రైడ్. మరుసటి ఏడాది టైమ్ మ్యాగజైన్ కవర్ పేజీ మీద ఆయన బొమ్మ వేశారు.

విమానాల నుంచి కార్ల వైపు

ఆ పేరుతో హాయిగా బతికేయొచ్చు. కానీ స్టాప్ కన్ను ఇంకో లెక్క మీద పడింది. ఎయిర్ ఫోర్స్ పైలట్లు విమాన ప్రమాదాల్లో కన్నా కారు యాక్సిడెంట్లలోనే ఎక్కువ మంది చనిపోతున్నారు! వెంటనే పాత కార్లు తెప్పించి, బొమ్మలు కూర్చోబెట్టి గుద్దించడం మొదలుపెట్టారు. విమానాల వాళ్లకి కార్లతో పనేంటని పైవాళ్లు అడిగితే ఆ చావుల లెక్కే చూపించారు. 1955లో కార్ల కంపెనీల ఇంజినీర్లను, డాక్టర్లను పిలిచి సదస్సు పెట్టారు. అది ఇప్పటికీ ఆయన పేరు మీదే నడుస్తోంది.

1959లో వోల్వో ఇంజినీర్ నిల్స్ బోలిన్ ఇప్పుడు మనం వాడే మూడు పాయింట్ల బెల్ట్ తయారు చేశారు. వోల్వో ఆ పేటెంట్‌ని అందరికీ ఫ్రీగా వదిలేసింది. 1966లో అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్ వాహనాల భద్రత చట్టం మీద సంతకం పెడుతున్నప్పుడు స్టాప్ అక్కడే ఉన్నారు. 1968 నుంచి అక్కడ కొత్త కార్లలో బెల్టులు తప్పనిసరి అయ్యాయి. 1999 నవంబరు 13న, 89 ఏళ్ల వయసులో, స్టాప్ న్యూ మెక్సికోలోని తన ఇంట్లో కన్నుమూశారు.

మరి మన రోడ్ల మీద?

2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ చనిపోయారు. ఆయన సీటు బెల్ట్ పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్ట్ లేకుండా వెళ్తూ ప్రాణాలు కోల్పోయారు. అంటే ముందు సీటుకే బెల్ట్ అనుకోవడం పెద్ద పొరపాటు. మన దేశంలో వెనక సీటుకీ అదే రూల్. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల ఫైన్.

ఎదురుగా వచ్చేది లారీ అయితే సీన్ ఇంకా దారుణం. గుద్దుకున్నప్పుడు రెండు బళ్ల మీదా పడే బలం సమానమే. కానీ లారీ బరువెక్కువ కాబట్టి దాని స్పీడ్ కొంచెమే తగ్గుతుంది. కారైతే ఆగడమే కాదు, వెనక్కి తోసుకుపోతుంది.

ఇప్పుడు మళ్లీ ఆ సూర్యలంక కారు దగ్గరికే వద్దాం. అమ్మ ఒళ్లో 10 కిలోల పిల్లాడు. 60 స్పీడ్‌లో కారు ఢీకొంటే, 24 రెట్ల లెక్కన ఆ క్షణంలో పిల్లాడు 240 కిలోలు. ఏ తల్లి చేతులూ ఆ బరువుని పట్టి ఆపలేవు. ప్రేమ తక్కువై కాదు. లెక్క అంతే. వాడికి వెనక సీట్లో చైల్డ్ సీటు, మీకు బెల్టు. బైక్ అయితే హెల్మెట్. అందులోని థర్మాకోల్ నలుగుతూ తలకి ఆ రెండు సెంటీమీటర్ల జాగా ఇస్తుంది.

ఆ రెండు సెంటీమీటర్ల విలువ మనకి తెలియడానికి ఒక డాక్టర్ తన కళ్లనే పణంగా పెట్టారు. బయల్దేరే ముందు ఆ ఖాళీ క్లిప్ పీకి పక్కన పడేయండి.