మల్కిభరాముడు - మా ఊరి చెరువు

ఈ సంచికకు ఎవరైనా పెద్దవారి జీవితం వ్రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా. గాంధీగారి మీదో వివేకానందుని మీదో వ్రాయటం తేలిక, పదిమందీ వ్రాసినదే. కాని నేను ఇబ్రహీంపట్నం వాణ్ణి. మా ఊరి పేరులో ఉన్న ఆ మనిషి ఎవరంటే మా ఊళ్ళోనే సగం మందికి తెల్వదు. బస్సు బోర్డు మీద రోజూ చదువుతాం, అంతే.

గోల్కొండ రాజ్యాన్ని నిలబెట్టిన సుల్తాన్ కులీకి ఆయన చిన్న కొడుకుల్లో ఒకడు. 1543లో ముసలి తండ్రి నమాజులో ఉండగా హత్య జరిగింది. చేయించినవాడు పరాయివాడు కాదు, సొంత కొడుకు జంషీద్. ఒక అన్నకు కళ్ళు తీయించాడు. ఇక మిగిలిన ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. మా ఊరి మీదుగా పోయే సాగర్ రోడ్డున వెళ్ళి కొండమల్లేపల్లి దగ్గర మళ్ళితే వచ్చే దేవరకొండే అది. కబురు అందగానే ప్రాణం చేతబట్టుకొని బీదరుకు పారిపోయాడు. అక్కడా నిలువ నీడ కుదరక విజయనగరం చేరాడు.

అళియ రామరాయలు అతన్ని ఆదరించాడు, జాగీరిచ్చాడు. ఏడేళ్ళు అక్కడే గడిపాడు ఇబ్రహీం. తెలుగు బాగా వంటబట్టింది అక్కడే అంటారు. చరిత్ర వ్రాసేవాళ్ళు ఇక్కడ భాష గురించి, కవుల గురించి చెప్పి ముందుకు పోతారు. నాకు మాత్రం ఇంకొకటి తోస్తుంది. విజయనగరం రాళ్ళ గుట్టల మధ్య కట్టిన ఊరు. తుంగభద్ర నుంచి కాలువలు తీసి, కమలాపురం వంటి చెరువులు నింపి, ఆ రాళ్ళ మధ్య వరి పండించారు, అంతటి నగరానికి నీళ్ళిచ్చారు. గోల్కొండ చుట్టూ ఉన్నదీ అదే రాతినేల. ఏడేళ్ళు ఆ కాలువ గట్ల మీద తిరిగిన కుర్రవాడు అవి చూడకుండా ఉంటాడా? దీనికి రుజువు చూపమంటే నా దగ్గర లేదు, ఇది నా ఊహ మాత్రమే.

1550లో జంషీద్ చనిపోయాడు. పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి పెత్తనం కోసం అందరూ కొట్టుకుంటున్న వేళ ఇబ్రహీం తిరిగి వచ్చాడు. కోయిలకొండలో అతనికి తోడు నిలిచిన వారిలో తెలుగు నాయకవాడీలు ఉన్నారు. కోట కాపలా కాసే మామూలు బంట్లు వాళ్ళు. వాళ్ళ బలంతోనే గోల్కొండ గద్దె ఎక్కి, 1580లో చనిపోయేదాకా ముప్ఫై ఏళ్ళు ఏలాడు.

ఆ ముప్ఫై ఏళ్ళలో గోల్కొండ కోటకు గట్టి గోడలు లేచాయి, 1578లో మూసీ మీద పురానాపూల్ పడింది. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారం దక్కింది. పరాయి పేరును నోరారా పలకటానికి తెలుగు కవులు మల్కిభరాముడని మలుచుకున్నారు. మాలిక్ ఇబ్రహీం కాస్తా ఇంటివాడయ్యాడు.

అయితే నేను వ్రాయదలచుకున్నది ఆయన నీళ్ళ సంగతి. 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ కట్టించాడు. పని చూసినవాడు హుస్సేన్ షా వలీ. మూసీ నుంచి కాలువ తీసి నింపారు. డబ్బు రాజుదైనా జనం నోట పని చేయించిన వలీ పేరే నిలిచింది. దానికి చిన్నబుచ్చుకొని రాజు తన పేరుతో ఇంకొక చెరువు కట్టించాడనీ, అదే మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువనీ కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, పేరు కోసమైనా చెరువు కట్టే రాజులు ఉండటం ప్రజల అదృష్టం! ఇప్పటివాళ్ళు పేరు కోసం కమాను కడతారు.

మా చెరువు నిండితే 1,300 ఎకరాల దాకా నీరు పరుచుకుంటుంది. ఇంత చెరువుకు కట్ట ఒక్కటే ఉంటే చాలదు. పైన కురిసిన చినుకు కట్ట దాకా రావాలి. పై ఊరి కుంట నిండి మత్తడి దుంకితే ఆ నీరు వాగులో పడి కింది కుంటకు వస్తుంది. అది నిండితే ఆ కిందిదానికి. ఇట్లా గొలుసుకట్టుగా వచ్చి చివరకు పెద్ద చెరువులో కలుస్తుంది. ఈ గొలుసులో ఏ ఒక్క కొలికి తెగినా కట్ట ఎంత గట్టిదైనా చెరువు ఎండుతుంది. అందుకే వెనకటి రోజుల్లో చెరువు కట్టించి ఊరుకునేవారు కాదు. కట్టించిన వారికి, మరమ్మతు చూసేవారికి చెరువు కింది భూమిలో కొంత శిస్తు లేకుండా ఇచ్చేవారు, దాన్నే దశబంధం అంటారు. తూము తీసి మూసి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసేందుకు నీరటి ఉండేవాడు. కాలువలో చెత్త తీయటం ఊరంతటి పని. మాన్యం పోయింది, నీరటి పోయాడు, మరి కాలువ ఎవరిది?

తరువాతి కాలంలో నిజాము ప్రభుత్వం మా చెరువుకు ఇంకొక దారి కూడా తీసింది. షాబాద్ దగ్గరి చందనవెల్లి నుంచి శంషాబాద్ మీదుగా ఇబ్రహీంపట్నం దాకా వచ్చే ఫిరంగి కాలువ అది. పరాయి దేశపు ఇంజనీరు తవ్వించాడు గనుక ఫిరంగి అన్న పేరు పడిందంటారు. దారి పొడుగునా చిన్న చిన్న చెరువులను నింపుకుంటూ వచ్చేది. ఇప్పుడు ఆ చందనవెల్లిలోనే పెద్ద ఇండస్ట్రియల్ పార్కు ఉంది. కాలువ చాలాచోట్ల పూడింది, కొన్నిచోట్ల ప్లాట్ల కింద పోయింది. ఇటువైపు ఆదిబట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. మా ఊరి పిల్లలకు కొలువులు దొరికాయి, అది కాదనను. వాగు ఎక్కడ దాటుతున్నదో చూసి అక్కడ తగినంత మోరీ పెడితే ఫ్యాక్టరీకి వచ్చే నష్టమేమీ లేదు కదా!

ఫ్యాక్టరీ నీళ్ళు వాగులోకి వదిలితే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. పొన్నెగంటి తెలగన్న అచ్చ తెలుగులో మొట్టమొదటి కావ్యం వ్రాసి ఇబ్రహీం కాలంవాడైన అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. ఆ అమీన్‌ఖాను ఊరు పొట్లచెరువు, అంటే నేటి పటాన్‌చెరు. పేరులోనే చెరువు ఉన్న ఆ ఊళ్ళో మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాక నక్కవాగు రంగు మారింది, బావులు పాడైనాయి, పొలాలు పాడైనాయి. 1990లో ఆ గొడవ సుప్రీంకోర్టుకు ఎక్కింది. హుస్సేన్ సాగర్ సంగతి అందరికీ తెలిసినదే. ఒకప్పుడు పట్నానికి తాగునీరిచ్చిన చెరువు, కూకట్‌పల్లి నాలా వెంట ఫ్యాక్టరీల మురుగు దిగి ముక్కు మూసుకునే గతికి వచ్చింది. ఇబ్రహీం కట్టించిన రెండు చెరువుల్లో ఒకటి మురిగింది, రెండవది ఏళ్ళ తరబడి ఎండింది.

రాజును పొగిడి ఊరుకుంటే జీవితచరిత్ర కాదు గనుక రెండవ వైపు కూడా చెప్పాలి. తనకు అన్నం పెట్టిన రామరాయల మీద 1565 జనవరిలో తక్కిన సుల్తానులతో కలిసి యుద్ధానికి నడిచాడు ఇబ్రహీం. రక్కసి తంగడి పోరులో రామరాయలు తల పోగొట్టుకున్నాడు. ఏ కాలువల ఒడ్డున తాను పెరిగాడో ఆ విజయనగరం పాడుబడింది. 1579లో ఆయన సైన్యం అహోబిలం గుడిని దోచింది. రామరాయలు కూడా సుల్తానులను ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పినవాడే, నిజమే, అయినా ఏడేళ్ళ ఉప్పు అంత తేలిగ్గా ఎట్లా మరిచాడో నాకు అర్థం కాదు. చెరువు కట్టించిన చెయ్యీ ఆ కత్తి పట్టిన చెయ్యీ ఒకటే. కాని యుద్ధం వల్ల వచ్చిన కోటలు నూరేళ్ళు దాటగానే ఔరంగజేబు పాలైనాయి, 1687లో గోల్కొండే పోయింది. ఆ పైన మొగలులు, నిజాములు అందరూ మారినా చెరువు కింద మడులు పారుతూనే వచ్చాయి.

ఇప్పుడు మాకు చట్టాలు లేకపోలేదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో తెచ్చి, నీరు నిలిచే చోటే కాక చుట్టూ 10 కిలోమీటర్ల మేర నీరు వచ్చే నేలను కాపాడాలన్నారు. మంచి ఆలోచన, ఎందుకంటే చెరువు అంటే నీళ్ళు కనిపించే చోటు మాత్రమే కాదు. 2022లో దాన్నీ సడలించారు. మా చెరువుకు ఆ పాటి అండ కూడా లేదు. శిఖం హద్దురాళ్ళ గురించి కొట్లాట జరుగుతుంది గాని, పైన వాగు ఎక్కడ తెగిందో అడిగేవాడు లేడు.

చెరువు ఎండిన వేసవిలో మట్టి కోసం టిప్పర్లు దిగుతాయి. ఆదివారాలు పట్నం నుంచి జీపులు, బుల్లెట్ బండ్లు వచ్చి నెర్రెలిచ్చిన శిఖంలో, వాగు ఇసుకలో పందేలు ఆడుతాయి. ఖాళీ జాగా అనుకుంటారు పాపం. మా ప్రాంతపు కొర్రమీను నీరు తగ్గినప్పుడు బురదలోకి దూరి, పైకి వచ్చి గాలి పీల్చుకుంటూ వాన కోసం కాచుకుంటుంది. 2016లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించారు కూడా. ఆ బురద మీదనే టైర్లు తిరుగుతాయి. నేల గట్టిపడుతుంది, వాగు ఒడ్డు కోసుకుపోతుంది, బండి పోయిన బాటే కొత్త కాలువ అవుతుంది.

మొన్నటి వానకాలంలో ఇది కళ్ళారా చూశాను. రాత్రంతా వాన పడింది. పొద్దున్నే మా పెద్దబాపుతో కలిసి వాగు చూడపోయాను. నీరు నిండుగా వస్తున్నది గాని చెరువు వైపు కాదు, టిప్పర్లు చేసిన బాట వెంట రోడ్డుకు మళ్ళి ప్లాట్లలో చేరుతున్నది. పెద్దబాపు మారుమాట లేకుండా ధోవతి ఎగగట్టి రాళ్ళు మోయబట్టినాడు. నేనూ మోసిన. రెండు గంటలకు ఒక చిన్న అడ్డుకట్ట పడింది, నీరు పాత దారి పట్టింది. సాయంత్రం పోయి చూస్తే రాళ్ళు పక్కకు నెట్టేసి ఉన్నాయి, బురదలో టైర్ల అచ్చులు తాజాగా ఉన్నాయి. మర్నాడు పొద్దున మళ్ళీ పోయినం, ఈసారి పార కూడా తీసుకొని.