పరుగు మానని అచ్చుపనివాడు: క్లారెన్స్ డెమార్



అపొస్తలుడైన పౌలు పరుగు పందెమును గూర్చి వ్రాసిన మాటలు మనము ఎన్నో ప్రసంగములలో వినియున్నాము. వినునప్పుడు మనకు తోచునది ఉపమానమే గాని, పరుగెత్తువాని కాలి బొబ్బలు కావు, ఎండలో పిడచగట్టిన నాలుకయు కాదు. పౌలు ఆ మాటలు వ్రాసినది కొరింథు సంఘమునకు. ఆ పట్టణమునకు దగ్గరలోనే రెండేండ్లకొకసారి గొప్ప పోటీలు జరుగుచుండెను. కనుక ఆ పత్రిక విన్నవారు పందెమును కన్నులార చూచినవారు. మనకు ఆ భాగ్యము లేదు గనుక, నిజముగా కాళ్లతో పరుగెత్తిన ఒక విశ్వాసిని గూర్చి ఈ నెల వ్రాయదలచితిమి.

క్లారెన్స్ డెమార్ 1888 జూన్ 7న అమెరికా దేశములోని ఒహాయో రాష్ట్రమున జన్మించెను. ఆయనకు ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి చనిపోయెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని మసాచుసెట్స్ రాష్ట్రములోని ఒక పల్లెకు చేరెను గాని అందరిని పోషించుట ఆమె వలన కాలేదు. పదేండ్ల క్లారెన్సును బోస్టన్ రేవులోని థాంప్సన్ దీవి మీదనున్న పాఠశాలకు పంపవలసి వచ్చెను. అక్కడ బీద బాలురకు చదువుతోపాటు సేద్యమును చేతిపనులును నేర్పుచుండిరి. చుట్టును సముద్రమే. మన మిషను బోర్డింగులలో పెరిగిన పెద్దలకు ఆ బాలుని రాత్రులు ఎట్లుండెనో మేము వివరింపనక్కరలేదు.

పదునారేండ్లకు ఆ దీవి విడిచి, వెర్మాంట్ రాష్ట్రములో పండ్లతోటలో పనిచేయుచు చదువుకొని విశ్వవిద్యాలయము వరకు వచ్చెను. అక్కడనే 1909లో మొదటిసారిగా దూరపు పరుగు అభ్యసించెను. అయితే ఇంటిలో తల్లికి కష్టముగా నుండెను. చదువు మధ్యలో విడిచి బోస్టన్ ప్రాంతమునకు వచ్చి అచ్చు కార్యాలయములో పనికి కుదిరెను. అక్షరములు కూర్చుట, ప్రూఫులు దిద్దుట ఇక ఆయన జీవనాధారమయ్యెను. పరుగు వలన ఆయనకు ఒక్క డాలరైనను రాలేదు. ఆ దినములలో పందెమున డబ్బు పుచ్చుకొన్నవానిని అమెచ్యూరు పోటీలకు మరల రానిచ్చెడివారు కారు. గెలిచినవానికి ఆకుల కిరీటమును పతకమును దొరకును, మరునాడు పని యథాప్రకారము ఉండును. డెమార్ తన ఇంటికిని పనికిని నడుమనున్న మైళ్లను పరుగుతోనే దాటెడివాడు. పొడి చొక్కా ఒకటి వెంట తీసికొనిపోయి, అక్కడ మార్చుకొని పనిలో నిలిచెడివాడు. అదే ఆయన అభ్యాసము.

బోస్టన్ మారథాన్ ప్రతి సంవత్సరము ఏప్రిల్ 19న, సెలవు దినమున జరుగుచుండెను. ఆరంభ కాలములో దాని దూరము సుమారు 24½ మైళ్లు. 1910లో డెమార్ మొదటిసారి పరుగెత్తి రెండవవాడుగా వచ్చెను. 1911లో పందెమునకు ముందు వైద్యులు ఆయన గుండెకు గొట్టము పెట్టి విని, లోపల ఏదో వింత చప్పుడున్నదనిరి. అలసినయెడల వెంటనే ఆగిపొమ్మనియు, ఈ పందెమైన పిమ్మట పరుగే మానుకొమ్మనియు చెప్పిరి. ఆయనకు అప్పుడు ఇరువది రెండేండ్లు. ఆయన ఆగలేదు. 2 గంటల 21 నిమిషముల 39 సెకన్లలో అందరికంటె ముందు గమ్యము చేరెను. 1907లో టామ్ లాంగ్‌బోట్ నెలకొల్పిన కాలమునకు ఇది రెండున్నర నిమిషములకు పైగా తక్కువ. కొంతకాలమునకు ఆ వైద్యులలో ఒకడు తానే గుండెజబ్బుతో చనిపోయెననియు, ఆయన విన్నది బహుశ తన గుండెచప్పుడేననియు డెమార్ తరువాత హాస్యమాడెడివాడు.

హాస్యము తరువాతి మాట. అప్పటికి ఆ హెచ్చరిక ఆయన మనస్సులో ముల్లువలె నాటుకొనెను. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ పందెమున మండుటెండలో పరుగెత్తి పండ్రెండవవాడుగా వచ్చెను. శిక్షకులు తన అలవాట్లను మార్పించి తనను పాడుచేసిరని ఆయన తలంపు. ఆ పందెములోనే పోర్చుగల్ దేశపు యువకుడు ఫ్రాన్సిస్కో లాజరో దారిలో కుప్పకూలి మరునాడు మరణించెను. వైద్యులు వద్దన్న గుండెను మోసికొని అదే దారిని పరుగెత్తినవాడు ఆ వార్త విన్నప్పుడు ఏమి తలంచియుండునో మనము ఊహింపవచ్చును.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆయన ఇంచుమించు ఐదేండ్లు పెద్ద పందెములను విడిచిపెట్టెను. కారణము గుండె భయమొక్కటే కాదు. ఆయన బాప్టిస్టు సంఘస్థుడు, సండే స్కూలు ఉపాధ్యాయుడు, స్కౌటు బాలురకు నాయకుడు. తోటివారిని ఓడించి పేరు తెచ్చుకొనుట క్రైస్తవునికి తగునా, అది స్వార్థము కాదా అను సందేహము ఆయనను బాధించెను. ఈ సందేహమును తేలికగా త్రోసివేయువారిలో మేము చేరము. మన సంఘములలో పాట పాడువారికి, వాక్యము చెప్పువారికి సహితము ఇదే ప్రశ్న ఎదురగుచుండును: నేను చేయునది ఎవరి మెప్పు కొరకు? తన ప్రయాస క్షయమగు కిరీటము కొరకు కాదని పౌలు కొరింథీయులకు వ్రాసెను గాని, ఆ కిరీటము కొరకు పరుగెత్తువారి మితానుభవమును ఆయన హేళన చేయలేదు. పైగా దానినే మాదిరిగా చూపెను. డెమార్ ఏ వాక్యము చదివి నెమ్మది పొందెనో మేము చెప్పజాలము. 1917లో మరల బోస్టన్ పందెమున నిలిచి మూడవవాడుగా వచ్చెను. అంతలో యుద్ధము వచ్చెను, ఆయన సైన్యములో పనిచేసెను.

1922లో తిరిగి వచ్చినప్పుడు ఆయనకు ముప్పది మూడేండ్లు. ఇక వయసు మళ్లినదని తలంచినవారు తప్పుపడిరి. 1922, 1923, 1924 మూడు సంవత్సరములును వరుసగా ఆయనే గెలిచెను. ఆ రోడ్డు మీద జనము క్రిక్కిరిసి, మోటార్లు, సైకిళ్లు పరుగెత్తువారి ప్రక్కనే వచ్చుచుండెను. 1923లో బండి ఒకటి తగిలి ఆయన బూటు పాడయ్యెను. ఆ బూటుతోనే పందెము ముగించెను.

బూట్ల మాట వచ్చినది గనుక కొంచెము ఆగుదము. ఈ దినములలో దుకాణములో దొరకు మెత్తని, తేలిక బూట్లు ఆనాడు లేవు. తోలు బూటు తడిసిన కొలది బరువెక్కును, ఆరిన కొలది బిగిసి కాలిని కోయును. చూచువారు జాలిపడి నీళ్లు కుమ్మరించుట పరుగెత్తువానికి మేలు కంటె కీడే చేయుచుండెను. తేలికయైన బూటు కావలెనన్న ఆశ వలన ఎంత నష్టము కలిగెనో 1927లో కనబడెను. కెనడాలోని నోవాస్కోషియా నుండి వచ్చిన జానీ మైల్స్ అను యువకుడు 1926లో చౌకరకము గుడ్డబూట్లతో బోస్టన్‌లో గెలిచియుండెను. ఆ యేడు డెమార్ మూడవవాడు. మరుసటి సంవత్సరము మైల్స్ తండ్రి, బరువు తగ్గునని, కుమారుని బూట్ల అడుగులను పలుచగా చెక్కివేసెను. ఆ దినము ఎండ విపరీతముగా కాసెను. కొత్తగా వేసిన తారు రోడ్డు మీద కరగుచుండెను. పలుచని అడుగు గుండ వేడి తగిలి మైల్స్ పాదములు బొబ్బలెక్కి నెత్తురు కారెను. సుమారు ఏడు మైళ్లకే ఆగిపోయెను. పత్రికలు ఆయనను పిరికివాడన్నట్లు నిందించెను. ఇది మాకు అన్యాయముగా తోచుచున్నది. ఆ తండ్రి ప్రేమతో చేసిన పనియే అది. మైల్స్ 1929లో తిరిగి వచ్చి గెలిచెనని చెప్పుటకు మాకు సంతోషము.

ఆ కరగిన తారు మీదనే ముప్పది ఎనిమిదేండ్ల డెమార్ 2 గంటల 40 నిమిషముల 22 సెకన్లలో గెలిచెను. దూరమును సరిగా 26 మైళ్ల 385 గజములు చేసిన మొదటి సంవత్సరమది. ఆయన పరుగులో అందమేమియు లేదు. పాదములు నేలను విడిచి పైకి లేచునట్లే కనబడవు, ఈడ్చుచున్నట్లు పోవును. కాని ఆ అడుగు ఆగదు. 1928లో మరల గెలిచెను. 1930లో ఏడవసారి, నలుబది యొకటవ యేట గెలిచెను. బోస్టన్‌లో పురుషులలో అంత వయసున గెలిచినవారు మరెవరును లేరు. 1924 పారిస్ ఒలింపిక్ మారథానులో ఫిన్లండు దేశస్థుడు స్టెన్‌రూస్, ఇటలీ దేశస్థుడు బెర్తీని తరువాత మూడవవాడుగా వచ్చి కంచు పతకము పొందెను.

ఆయన లోపమును దాచుట మాకిష్టము లేదు. ఆయన కోపిష్టి. పరుగు మధ్యలో సంతకము కొరకు అడ్డుపడువారు, ప్రక్కన మోటారు నడుపుచు మాటలాడించువారు, అడుగకయే నీళ్లు చల్లువారు ఆయనకు గిట్టరు. అడ్డువచ్చినవారి మీద చెయ్యి చేసికొనిన సందర్భములును కలవు. సండే స్కూలు పిల్లలు దానిని గూర్చి అడిగియుందురా? అడిగినయెడల ఆయన సూటిగానే జవాబు చెప్పియుండునని మా నమ్మకము. ఎందుకనగా ఆయన పొగడ్తను ఎంత లక్ష్యపెట్టలేదో నిందను కూడ అంతే లక్ష్యపెట్టలేదు.

పని చేయుచునే రాత్రి తరగతులలో చదివి హార్వర్డ్‌లో ఒక పట్టమును, బోస్టన్ విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పట్టమును సంపాదించెను. హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ఆయనను కదలు పట్టీ మీద పరుగెత్తించి రక్తము పరీక్షించిరి. కష్టపడునప్పుడు ఇతరుల రక్తములో పేరుకొను లాక్టిక్ ఆమ్లము ఆయన రక్తములో మిక్కిలి తక్కువగా ఉండెను. 1929లో వివాహమాడెను, ఐదుగురు పిల్లలు కలిగిరి. న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోని కీన్ పట్టణపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అచ్చుపని నేర్పెను. 1937లో తన పరుగులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను.

గెలుచు వయసు దాటిన తరువాతను ఆయన మానలేదు. ఇది మమ్మును అన్నిటికంటె ఆకర్షించినది. ఏడుసార్లు గెలిచినవాడు వెనుకవారితో వెనుకవాడై, పేరులేని యువకులు తన్ను దాటిపోవుచుండగా, సంవత్సరము వెంట సంవత్సరము అదే దారిని పరుగెత్తెను. 1954లో అరువది యైదేండ్ల వయసున కడసారి బోస్టన్ పందెమును ముగించి 78వ వాడుగా వచ్చెను. చిన్న పందెములలో అటు తరువాతను పాల్గొనెను. అప్పటికి కడుపులో క్యాన్సరు పుట్టియుండెను.

1958 జూన్ 11న, డెబ్బది నిండిన నాలుగు దినములకు, మసాచుసెట్స్‌లోని రీడింగ్ పట్టణమున ఆయన మరణించెను. పిమ్మట వైద్యులు ఆయన గుండెను పరీక్షించిరి. ఆ పరీక్ష ఫలితములను జేమ్స్ కరెన్స్, హృద్రోగ నిపుణుడైన పాల్ డడ్లీ వైట్ కలిసి 1961లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్య పత్రికలో ప్రకటించిరి. నలుబది ఏడేండ్ల క్రిందట ఇక పరుగెత్తవద్దనిన ఆ గుండెకు రక్తము తెచ్చు నాళములు సామాన్యుల నాళములకంటె రెండు మూడింతలు వెడల్పుగా ఉండెను.