అసలూ మిత్తీ తెలిసిన ఆడిటరు: జె.సి. కుమారప్ప

ఈ రోజు కోరుట్ల అనగానే మనకు బీడీలు, పసుపు గుర్తుకొస్తాయి. కాని 20వ శతాబ్దం తొలి రోజుల్లో ఈ ఊళ్ళో చేతి కాగితం తయారయ్యేది. పట్వారీలు తమ లెక్కల పుస్తకాలకు ఆ మోటు కాగితాన్నే వాడేవారు. మనలో ఎంతమందిమి దాన్ని కళ్ళతో చూశాం? మిల్లు కాగితం చవకగా దొరుకుతుండగా, ఆ విద్య పోతే పోయిందిలే అనుకుంటాం. పోయినదాని ఖరీదు ఎవరి పద్దులో రాయాలని అడిగిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే జోసెఫ్ కొర్నీలియస్ కుమారప్ప.

ఆయన 1892 జనవరి 4న తంజావూరులో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. లండన్‌లో అకౌంటెన్సీ నేర్చి, 1919లో తిరిగి వచ్చి, బొంబాయిలో ఆడిటరుగా స్థిరపడ్డారు. వేషం, భాష, అలవాట్లు అన్నీ దొరలవే. 1927లో అమెరికా వెళ్ళి సిరక్యూస్‌లో వ్యాపార నిర్వహణ, ఆపైన కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ ఆదాయ వ్యయాల శాస్త్రం చదివారు. భారతదేశం ఎందుకు బీదదైందన్న ప్రశ్నను అక్కడే పరిశోధనకు తీసుకున్నారు. పన్నుల లెక్కలు తిరగేసిన కొద్దీ, బ్రిటిషు పాలన ఈ దేశం నుంచి తీసుకున్నదెంత, తిరిగి ఇచ్చినదెంత అన్నది తేలిపోయింది. లెక్కలు ఆ మనిషినే మార్చేశాయి.

1929లో ఆ వ్యాసం పట్టుకొని, సూటూ బూటూ వేసుకొని సబర్మతికి వెళ్ళారు. చెట్టుకింద రాట్నం వడుకుతున్న ముసలాయనను చూసి, ఈయనే గాంధీ అని మొదట పోల్చుకోలేకపోయారట! ఆ వ్యాసం యంగ్ ఇండియాలో వరుసగా అచ్చయింది. గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులను వెంటబెట్టుకొని ఆయన ఖేడా జిల్లా మాతర్ తాలూకాలో ఊరూరా తిరిగి, రైతు రాబడి ఎంత, ఖర్చెంత అని సర్వే చేశారు. మిత్రులారా, ఆ పని చేసినవాళ్ళు మనలాంటి కాలేజీ పిల్లలే.

1934 బీహారు భూకంపం నాడు సహాయనిధి లెక్కలు ఆయన చేతికి వచ్చాయి. కార్యకర్త తిండికి రోజుకు మూడు అణాలే అని కట్టడి చేశారు. గాంధీగారి బృందం వచ్చినప్పుడు సైతం, వారి ఖర్చు నిధిలోంచి ఇవ్వడం కుదరదని ముఖం మీదే చెప్పేశారు. ప్రజల సొమ్ముకు పెద్దా చిన్నా లేదన్నది ఆయన పట్టు.

ఆ ఏడాది చివర ఏర్పడ్డ అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘానికి కార్యదర్శిగా వార్ధాలోని మగన్‌వాడీలో కూర్చున్నారు. గానుగ, దంపుడు బియ్యం, తేనెటీగలు, తాటిబెల్లం, చేతి కాగితం, ఒక్కొక్కటీ శాస్త్రీయంగా బాగుచేసే ప్రయత్నాలు అక్కడ సాగాయి. కిరసనాయిలుకు బదులు మన గింజల నూనెతో వెలిగే మగన్ దీపం అక్కడిదే.

క్విట్ ఇండియా కాలంలో జబల్‌పూర్ జైల్లో ఉండగా ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్ అనే పుస్తకం రాశారు. 1945లో అది వెలువడింది. అందులోని కీలకం మన ఊరి మాటల్లో చెప్పాలంటే అసలు, మిత్తి. పారే నీరు, ఏటేటా పెరిగే అడవి ప్రకృతి ఇచ్చే మిత్తి. బొగ్గు, పెట్రోలు నిలవ ఉన్న అసలు, తీసినకొద్దీ తరుగుతుంది. మిత్తితో బతికే బతుకు నిలుస్తుంది. అసలు తింటూ అదే ఆదాయమని పద్దు రాసుకునేవాడు దివాలా తీస్తాడు. తరిగే సరుకు కోసం దేశాల మధ్య యుద్ధాలు వస్తాయని కూడా ఆయన చెప్పారు.

స్వాతంత్ర్యం వచ్చాక దేశం ఆయన దారిన నడవలేదు. 1956లో మొదలైన రెండో ప్రణాళిక భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. ఆయన తమిళనాట కల్లుపట్టి గాంధీనికేతన్‌లో శేషజీవితం గడిపి, 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే కన్నుమూశారు. 1973లో షూమాకర్ స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్‌లో ఆయనను తలచుకున్నారు. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ రాబోయే తరాల అవసరాలకు లోటు రాని అభివృద్ధి గురించి చెబితే ప్రపంచం చెవియొగ్గింది. మనవాడు ఆ మాట నలభై ఏళ్ళ ముందే అన్నాడు!

అయితే ఆయన చెప్పినదల్లా వేదం కాదు. 1963లో పోచంపాడుకు శంకుస్థాపన జరగకపోతే, ఆ కాలువ నీళ్ళు రాకపోతే, జగిత్యాల చుట్టూ ఇంత వరి ఎక్కడిది? పెద్ద ప్రాజెక్టు మన కంచంలో అన్నం పెట్టింది, కాదనలేం. కాని కాలువ అందని చోట బోరు మీద బోరు వేసి, వాన నింపేదానికంటే ఎక్కువ తోడితే, అది మిత్తా, అసలా? సిరిసిల్ల చూడండి. మరమగ్గాల మీద ఆడుతున్నది ఎక్కువగా పాలిస్టరు నూలు. అది పుట్టేది పెట్రోలియంలోంచి. నూలు బయటిది, ధర బయటివాడిది, ఆర్డరు ఉంటే సాంచా ఆడుతుంది, లేకుంటే ఆగుతుంది. 2000 తర్వాతి ఏళ్ళలో నేతన్నల ఆత్మహత్యల కబుర్లు ఏ బ్యాలన్స్ షీటులోనూ నష్టంగా కనబడలేదు. మళ్ళీ అందరూ చేమగ్గానికి పోవాలని ఎవరనగలరు? మగ్గం ఆడితే ఎవరికెంత మిగిలిందో, ఏది తరిగిందో లెక్క తీయమనే కుమారప్పగారి బతుకు చెబుతుంది.

మనం కామర్సు, ఎకనామిక్సు, సైన్సు అని వేరువేరు గదుల్లో చదువుతున్నాం. ఆయన ఈ మూడింటినీ ఒకే పద్దులో రాశారు. సెలవులకు ఊరికి పోయినప్పుడు మన ఊరి బావి, మగ్గం, పొలం, మూడింటికీ కలిపి ఒక్క జమాఖర్చు రాసి చూద్దాం. అది సరిపడకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడమే మన చదువుకు అసలు పరీక్ష.