గెలిచిన చట్టం, చేజారిన కోట: లిండన్ జాన్సన్ రాజకీయ జీవితం

అమెరికాలో బానిసత్వానికి చరమగీతం పాడిన అబ్రహాం లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణ రాష్ట్రాల శ్వేతజాతీయులు ఆ కారణంగానే సుమారు నూరేళ్లు డెమొక్రటిక్ పార్టీని అంటిపెట్టుకుని ఉన్నారు. నేడు ఆ రాష్ట్రాల్లో అధిక భాగం రిపబ్లికన్లకు కంచుకోటలు. నల్లజాతి ఓటర్లలో అత్యధికులు డెమొక్రాట్ల పక్షాన ఉన్నారు. ఈ తారుమారు ఒక్కరి వల్ల, ఒక్కనాడు జరిగినది కాదు. అయితే అందులో నిర్ణాయక పాత్ర పోషించిన నాయకుడు మాత్రం దక్షిణాది డెమొక్రాట్ల నీడలోనే ఎదిగిన 36వ అధ్యక్షుడు లిండన్ జాన్సన్.

ఆయన 1908 ఆగస్టు 27న టెక్సాస్ రాష్ట్రంలోని స్టోన్‌వాల్ సమీపంలో జన్మించారు. తండ్రి రాష్ట్ర శాసనసభ్యుడే అయినా కుటుంబం అప్పుల్లో కూరుకుపోయింది. చదువు కొనసాగించేందుకు డబ్బు కోసం జాన్సన్ 1928లో కొటుల్లా అనే చిన్న పట్టణంలో మెక్సికన్ సంతతి పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆకలితో బడికి వచ్చే ఆ పిల్లలు ఆయన స్మృతిలో చిరకాలం నిలిచిపోయారు.

1937లో ప్రతినిధుల సభకు, 1948లో సెనేట్‌కు ఎన్నికైన జాన్సన్ తొలి ఇరవై ఏళ్లు దక్షిణాది బాటలోనే నడిచారు. నల్లజాతీయులపై మూకహత్యలను అరికట్టే బిల్లులను సైతం వ్యతిరేకించారు. అప్పటికే డెమొక్రటిక్ పార్టీలో పగుళ్లు మొదలయ్యాయి. రూజ్వెల్ట్ సంక్షేమ పథకాలు 1930లలో ఉత్తరాది నల్లజాతీయులను ఆ పార్టీకి చేరువ చేశాయి. 1948లో పార్టీ పౌరహక్కుల తీర్మానాన్ని ఆమోదించడంతో దక్షిణాది ప్రతినిధులు కొందరు సభ నుంచి నిష్క్రమించారు. వారి అభ్యర్థి స్ట్రామ్ థర్మండ్ ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో నాలుగు రాష్ట్రాలు గెలుచుకున్నారు.

సెనేట్‌లో మెజారిటీ నాయకుడైన జాన్సన్ 1957లో పౌరహక్కుల బిల్లును గట్టెక్కించారు. దక్షిణాది సభ్యుల కోసం దాని పదును తగ్గించినప్పటికీ, 1875 తరువాత వచ్చిన మొదటి పౌరహక్కుల చట్టం అదే. 1963 నవంబరు 22న కెనెడీ హత్యకు గురికాగా ఉపాధ్యక్షుడిగా ఉన్న జాన్సన్ అధ్యక్ష బాధ్యతలు స్వీకరించారు. హోటళ్లలో, బడుల్లో, ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించే బిల్లును తన తొలి కర్తవ్యంగా ఎంచుకున్నారు. సెనేట్‌లో దాన్ని అడ్డుకున్న బృందానికి నాయకుడు జార్జియాకు చెందిన రిచర్డ్ రసెల్. జాన్సన్‌ను సెనేట్‌లో పెద్దరికంతో పైకి తెచ్చినవారు ఆయనే. చివరకు బిల్లు 73-27 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది డెమొక్రాట్లే కాగా, 33 మంది రిపబ్లికన్లలో 27 మంది సమర్థించారు. 1964 జులై 2న జాన్సన్ దానిపై సంతకం చేశారు.

ఆ వేసవిలోనే ఆయన వెనుకంజ కూడా వేశారు. మిసిసిపీ నుంచి డెమొక్రటిక్ మహాసభకు అందరూ శ్వేతజాతీయులే ప్రతినిధులుగా రావడాన్ని అక్కడి నల్లజాతీయులు సవాలు చేశారు. పొలం కూలీ ఫ్యానీ లూ హేమర్ జైల్లో తాను తిన్న దెబ్బలను వివరిస్తుండగా, టెలివిజన్ దృష్టి మళ్లించేందుకు జాన్సన్ హఠాత్తుగా విలేకరుల సమావేశం పెట్టారు. అయినా ఆమె వాంగ్మూలం ఆ రాత్రి దేశమంతటా ప్రసారమైంది. సర్దుబాటుగా ఇవ్వజూపిన రెండు స్థానాలను హేమర్ బృందం తిరస్కరించింది.

ఆ నవంబరులో జాన్సన్ 44 రాష్ట్రాల్లో ఘనవిజయం సాధించారు. ఓడిన ఆరింటిలో ఐదు దక్షిణాది రాష్ట్రాలే. పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కు మిసిసిపీలో 87 శాతం ఓట్లు లభించాయి. థర్మండ్ అప్పటికే రిపబ్లికన్ పార్టీలో చేరిపోయారు.

అయినా జాన్సన్ ఆగలేదు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. మిసిసిపీలో అంతకుముందు 7 శాతం కూడా లేని నల్లజాతీయుల ఓటరు నమోదు రెండేళ్లలో 60 శాతానికి చేరువైంది. అదే ఏడాది అక్టోబరు 3న ఆయన సంతకం చేసిన వలస చట్టం దేశాలవారీ కోటాలకు ముగింపు పలికింది. అంతవరకు భారతీయులకు ఏడాదికి దక్కినవి సుమారు 100 వీసాలే. తరువాతి దశాబ్దాల్లో తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అమెరికాలో స్థిరపడేందుకు బాట వేసింది ఈ చట్టమే.

వియత్నాం యుద్ధం ఆయన ప్రతిష్ఠను హరించింది. 1968 మార్చి 31న మళ్లీ పోటీ చేయబోనని ప్రకటించారు. ఆ ఎన్నికల్లో నిక్సన్ గెలిచారు. 1972లో దక్షిణ రాష్ట్రాలన్నీ నిక్సన్‌కే పట్టం కట్టాయి. అదే ఎన్నికల్లో టెక్సాస్ నుంచి బార్బరా జోర్డాన్, జార్జియా నుంచి ఆండ్రూ యంగ్ డెమొక్రాట్లుగా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 1901 తరువాత దక్షిణాది నుంచి ఆ సభలో నల్లజాతీయులకు చోటు దక్కడం అదే ప్రథమం.

ఆ డిసెంబరులో, గుండె జబ్బుతో బాధపడుతూనే, జాన్సన్ టెక్సాస్‌లో పౌరహక్కులపై జరిగిన సదస్సుకు హాజరయ్యారు. తాను చేసింది చాలదని అంగీకరించారు. 1973 జనవరి 22న 64వ ఏట కన్నుమూశారు. తన చట్టాల వల్ల పార్టీ కోల్పోయిన రాష్ట్రాలను, ఆ చట్టాల వల్లే చట్టసభలో అడుగుపెట్టిన కొత్త ప్రతినిధులను ఒకే ఎన్నికలో చూశాకే ఆయన కన్ను మూశారు.