బధిరబాలల విద్యాదాత లెపే

పుట్టుచెవిటివానికి మాట రాదు; మాట రానివానికి ఆలోచన కలుగదు; కావున వానికి చదువు నిష్ప్రయోజనమని పూర్వము పెక్కుమంది తలచిరి. ఈ తర్కము వట్టి భ్రమయని లోకమునకు చేసి చూపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన షార్ల్ మిషెల్ ద లెపే.

ఆయన 1712 నవంబరు 24వ తేదీన వెర్సాయి నగరమున జన్మించెను. మతగురువు కావలెనని ఆయన కోరిక. కాని నాటి క్రైస్తవ సంఘమును కలచివేసిన జాన్సెనిస్టు వివాదములో పెద్దల షరతులకు తలయొగ్గకపోవుటచే ఆ మార్గమునకు ఆటంకము కలిగెను. అంతట న్యాయశాస్త్రమభ్యసించి న్యాయవాది అయ్యెను. తరువాత గురుదీక్ష లభించినను ఉన్నతాధికారము దక్కలేదు.

1760 ప్రాంతమున పారిస్ నగరములో ఒక ఇంట బధిరలైన అక్కచెల్లెండ్ర నిద్దరిని ఆయన చూచెను. వారికి బొమ్మల సాయమున మతబోధ చేయుచున్న గురువు మరణించుటచే వారి చదువు నడుమ నిలిచిపోయెను. ఆ భారమును లెపే తన తలపై వేసికొనెను. చెవిద్వారా అందని విద్యను కంటిద్వారా అందింపవచ్చునని ఆయన గ్రహించెను. బధిరులు తమలో తాము వాడుకొను సైగలను నేర్చి, ఫ్రెంచి వ్యాకరణమునకు సరిపడు సైగలను కొన్ని కల్పించి, వానిని వ్రాతతో జోడించి బోధించెను. ఆ వ్యాకరణపు సైగలు బరువైనవగుటచే తరువాతివారు వానిని విడిచిరి. మూలసూత్రము మాత్రము నిలిచెను.

మూలాఁ వీధిలోని ఆయన ఇల్లే పాఠశాల. బీదపిల్లలకు అందు ప్రవేశము ఉచితము. వ్యయమంతయు ఆయన సొంత రాబడినుండియే. తమ బోధనామర్మమును దాచుకొను గురువులున్న ఆ కాలమున, ఆయన 1776లో తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. 1777లో పాఠశాలను దర్శించిన చక్రవర్తి రెండవ జోసెఫ్ ప్రేరణచే 1779లో వియన్నాలోను అట్టి పాఠశాల వెలసెను. 1788 నాటి గడ్డు చలికాలములో విద్యార్థులకు లోటు రాకుండుటకై ఆ వృద్ధుడు తన గదిలో నిప్పు రాజేసికొనుట మానెననియు, పిల్లలు బ్రతిమాలిన పిదపగాని అంగీకరింపలేదనియు చెప్పుదురు.

1778లోను, 1785లోను ప్రభుత్వము సాయము చేయ నిశ్చయించినను, ఆయన బ్రతికియున్నంతకాలము పాఠశాల ఆయన ఇంటనే సాగెను. 1789 డిసెంబరు 23న లెపే కన్నుమూసెను. అప్పటికి విప్లవము చెలరేగియుండెను. 1791 జూలైలో జాతీయ శాసనసభ ఆయనను మానవజాతికి, దేశమునకు మేలొనర్చినవారిలో ఒకనిగా గుర్తించి, పాఠశాల పోషణమును రాజ్యమునకు అప్పగించెను. ఒక వ్యక్తి దయపై ఆధారపడిన విద్య శాసనముచే పోషింపబడు విద్య అయ్యెను.

ఆ పాఠశాలలో చదివిన లోరాఁ క్లెర్‌ను తోడుకొనిపోయి గాలడెట్ 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బధిరపాఠశాలను నెలకొల్పెను. కాని 1880లో మిలాన్ నగరమున సమావేశమైన విద్యావేత్తలు నోటిమాటయే బోధనామార్గమని తీర్మానించుటచే, సైగలు పెక్కు దేశముల తరగతి గదులనుండి తొలగింపబడెను. ఫ్రాన్సులో 2005 నాటి చట్టము సైగలభాషను పూర్ణభాషగా మరల అంగీకరించెను. భారతదేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, నిర్ణీత స్థాయి వైకల్యముగల బాలలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచితవిద్యను హక్కుగా చేసెను. బధిరులకు వారికి తగిన భాషలో, తగిన రీతిలో బోధింపవలెనని విధించెను.

శిష్యుడు తన భాషను నేర్చువరకు వేచియుండక, తానే శిష్యుని భాషను నేర్చుకొనిన ఉపాధ్యాయుడు లెపే. చట్టమునకు పూర్వమే ఆ ధర్మమును ఆయన ఆచరించెను.