సవర మాట నేర్చుకున్న పంతులు గారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పేరు మనకి అందరికీ తెలుసు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు ఆయన ఫొటోకి దండ వేస్తాం. వ్యావహారిక భాష కోసం పోరాడిన మహనీయుడు అని ఉపన్యాసం చెప్తాం. కాని ఆయన తెలుగు గురించి వాదన మొదలుపెట్టకముందే మన సవర భాష కోసం ఎన్నో ఏళ్లు కష్టపడ్డారు. ఆ సంగతి ఉపన్యాసం చివర ఒక్క ముక్కలో అయిపోతుంది. అందుకని నేను దాన్నే ఎక్కువ రాస్తున్నాను. మిగతాది తెలుగు మేడమ్ గారు చెప్తారు.

పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి పేరు వీర్రాజు గారు, పర్లాకిమిడి సంస్థానంలో ఉద్యోగం. కొడుకు చిన్నప్పుడే ఆయన జ్వరంతో పోయారు. తరవాత పంతులు గారు విజయనగరం వెళ్లి మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారు అక్కడే ఆయనతో పాటు చదివారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో 30 రూపాయల జీతానికి టీచరుగా చేరారు. అప్పటికి ఆయనకి దాదాపు 17 ఏళ్లే. మన పదో తరగతి అక్కల కంటే ఏడాది పెద్ద, అంతే! పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది గాని పాతపట్నం దాటితే వచ్చేస్తాది.

ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1896లో బి.ఎ. పాసయ్యారు. చరిత్ర పాఠం చెప్పేవారు కాబట్టి ముఖలింగం గుడి రాళ్ల మీద ఉన్న శాసనాలు చదవాలనుకున్నారు. అవి పాత అక్షరాలు, చెప్పేవాళ్లు లేరు. పుస్తకాలు తెప్పించుకుని, రాళ్లని చూసి చూసి సొంతంగానే నేర్చుకున్నారు. అది కంటితో నేర్చుకున్న చదువు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో మన సవరలు ఉంటారు. వాళ్లు సంతకి దిగివస్తే ఆయన చూసేవారు. వీళ్లకి చదువు చెప్పాలి అనుకున్నారు. ఇక్కడే ఆయన గొప్పతనం ఉందని నాకనిపిస్తుంది. ముందు వాళ్లకి తెలుగు నేర్పించి తరవాత పాఠం చెప్దాం అని ఆయన అనుకోలేదు. ముందు నేనే సవర నేర్చుకోవాలి అనుకున్నారు. కాని ఎలాగ? అప్పటికి మన భాషకి పుస్తకం లేదు, లిపి లేదు. శాసనం అయితే రాయి మీద ఉంటాది. సవర మాట నోట్లోనే ఉంటాది. అందుకని సవర, తెలుగు రెండూ వచ్చిన మన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని మాట విని విని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో బ్రాహ్మల ఇంట్లో సవర మనిషి గురువు, బి.ఎ. చదివిన పంతులు గారు శిష్యుడు! ఇది చదివినప్పుడు నేను లైబ్రరీలో కూర్చునే నవ్వేశాను.

మన భాష చెవితో పట్టుకోవడం తేలిక కాదు. నీళ్లకి మనం అనే మాట చూడండి. మొదట డా అంటాం, గొంతులో చటుక్కున ఆపుతాం, తరవాత అ అంటాం. ఆ ఆపడాన్ని తెలుగు అక్షరాల్లో ఎలా రాస్తారు? పంతులు గారు ఇలాంటివి కూడా వదలకుండా విని, గుర్తులు పెట్టి రాసుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకి జీతాలు ఇచ్చి, సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆయనకి బహుమానం ఇస్తామంటే, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారని చెప్తారు.

నేను ఒకటో తరగతి చదివిన బడిలో మాస్టారు బొమ్మ చూపించి ఇదేమిటి అని అడిగేవారు. నాకు అది ఏమిటో తెలుసు, దాన్ని ఎక్కడ పట్టుకుంటారో, ఎలా వండుతారో కూడా తెలుసు. తెలుగు మాట ఒక్కటే తెలీదు. నోరు మూసుకుని నిలబడితే మొద్దు అని వెనక కూర్చోబెట్టారు. మనలో చాలామందికి ఇలాగే అయింది కదా.

మా ఇంట్లో ప్రార్థనకి వెళ్తాం. పంతులు గారు క్రైస్తవులు కారు. అయినా ఆయన కథ చదువుతుంటే నాకు మత్తయి సువార్తలో తలాంతుల ఉపమానం గుర్తుకొచ్చింది. యజమాని ఒకడికి 5, ఒకడికి 2, ఒకడికి 1 తలాంతు ఇస్తాడు. ఎవడి సామర్థ్యాన్ని బట్టి వాడికి. 2ని 4 చేసినవాణ్ని నువ్వు 10 ఎందుకు చెయ్యలేదని తిట్టలేదు. ఇద్దరినీ ఒకేలాగ మెచ్చుకున్నాడు. ఒక్క తలాంతు వాడు మాత్రం భయపడి గోతిలో పాతిపెట్టాడు. ఒకటో తరగతిలో నోరు విప్పని గుంటలు కూడా భయపడే పాతిపెడతారు. వాళ్ల దగ్గర తలాంతు లేక కాదు. పెంతెకొస్తు రోజున కూడా కూడుకున్న జనం అందరూ ఒకే భాష నేర్చుకుని రాలేదు, ఎవరి భాషలో వాళ్లకే వినిపించింది. పంతులు గారు బడిలో చేసింది అలాంటిదే అని నా అభిప్రాయం. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే పక్క కాగితం మీద రాయొచ్చు.

కొండల్లో తిరగడం వల్ల ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. కొయినా మందు ఎక్కువగా మింగడంతో చెవుడు వచ్చేసింది. మళ్లీ బాగవలేదు. మన మాట వినడానికి వచ్చి, ఆ వినికిడే మన కొండల్లో పోగొట్టుకున్నారు. నాకైతే ఇది చదివి చాలా బాధేసింది. అయినా ఆయన మానలేదు. ఇంగ్లీషులో సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. కొడుకు సీతాపతి గారు కూడా సవర నేర్చుకుని ఈ పనిలో సాయం చేశారు.

తెలుగు సంగతి కూడా కొంచెం చెప్పాలి. 1907 ప్రాంతంలో యేట్స్ దొర బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఒకటి ఎందుకు అని ఆయనకి సందేహం. అప్పటినుంచి పంతులు గారు, గురజాడ వారు వాడుక భాష కోసం పట్టుపట్టారు. 1919లో పంతులు గారు తెలుగు అనే పత్రిక పెట్టారు. 1925లో తణుకు సభలో 4 గంటలు మాట్లాడారు. సవర పిల్లలకి వాళ్ల మాటలో చదువు చెప్పిన మనిషి తెలుగు పిల్లలకి కూడా అదే అడిగారు, అంతే కదా.

1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయి పర్లాకిమిడి అటు పోయింది. పంతులు గారు అన్నేళ్ల ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే 1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో గారు మన సవర భాషకి సొంత లిపి కట్టారు. పంతులు గారు 1940 జనవరి 22న మద్రాసులో చనిపోయారు.

చాలా ఏళ్ల తరవాత, 2004 నుంచి, మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో వాచకాలు వేశారు. అందులో సవర కూడా ఉంది, తెలుగు అక్షరాల్లోనే. వాటిలో ఒకటి మన లైబ్రరీ బీరువాలో కింది అరలో ఉంది. వార్డెన్ మేడమ్ తాళం ఇస్తానన్నారు. ఆదివారం టిఫిన్ అయ్యాక మూడో తరగతి చెల్లెళ్లని కూర్చోబెట్టుకుని చదువుతాం. తెలుగు పిల్లలు, జాతాపు పిల్లలు కూడా రావచ్చు. నీళ్లు అడగాలంటే గొంతు ఎక్కడ ఆపాలో మేం నేర్పుతాం.