గంట మోగకపోతే ఎక్కడో తప్పున్నట్టే!

మీరు బుగ్గారంలో ఉంటూ జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నారనుకోండి. ల్యాబ్‌లో ఒక ఫైల్ ఇచ్చారు. ఒక్కో వరుసలో ఒక్కో మనిషి వివరాలు: పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు. వాటి మధ్య ట్యాబ్. బాష్ స్క్రిప్ట్‌లో రీడ్ కమాండ్ పెట్టి, వరుసను నాలుగు ముక్కలు చేసి నాలుగు వేరియబుల్స్‌లో వేశారు. అంతా బాగానే నడిచింది. ఒక్క వరుసలో మాత్రం తండ్రి పేరు ఖాళీగా ఉంది. అంతే! బుగ్గారం తండ్రి పేరైపోయింది, ఫోన్ నంబరు ఊరైపోయింది. స్క్రిప్ట్ మాత్రం కిక్కురుమనలేదు.

ఈ చిక్కుతో కంప్యూటర్లు పుట్టకముందే తలపడిన ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. పేరు హెర్మన్ హోలరిత్.

1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫెలోలో, జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. బడిలో స్పెల్లింగ్ అంటే చచ్చేంత భయం. అయినా 19 ఏళ్లకే కొలంబియాలో ఇంజినీరింగ్ పట్టా అందుకున్నాడు. ఆ వెంటనే ఒక ప్రొఫెసర్ ద్వారా 1880 జనాభా లెక్కల ఆఫీసులో పని దొరికింది. అక్కడి పరిస్థితి చూస్తే మీకూ కళ్లు తిరిగేవి. గుమాస్తాలు కాగితాల మీద గీతలు గీస్తూ కోట్ల మందిని చేత్తో లెక్కపెడుతున్నారు. ఆ లెక్కలన్నీ తేలడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. ఈ పని మెషీన్‌తో చేయలేమా అన్న ఆలోచనను హోలరిత్ తలలో వేసింది అక్కడి అధికారి జాన్ షా బిల్లింగ్స్.

హోలరిత్ మొదట పొడవాటి కాగితపు చుట్టకు రంధ్రాలు పెట్టి చూశాడు. ఒక్క మనిషి వివరం కావాలన్నా చుట్టంతా తిప్పాల్సి వచ్చేది. లాభం లేదని దాన్ని వదిలేసి, మనిషికో కార్డు అన్నాడు. రైల్లో కండక్టర్ టికెట్‌కు రంధ్రాలు పెట్టి ప్రయాణికుడి పోలికలు గుర్తించడం చూశాక ఈ ఆలోచనకు బలం వచ్చింది.

కార్డు మీద వయసుకు ఒక చోటు, పుట్టిన ప్రాంతానికి ఒక చోటు, వృత్తికి ఒక చోటు. ఏ వివరమైనా లేకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది కానీ, పక్కది జరిగి అందులోకి రాదు. మీ స్క్రిప్ట్‌లో పోయింది ఇదే. బాష్‌కు ట్యాబ్ కూడా స్పేస్ లాంటిదే. రెండు ట్యాబ్‌లు పక్కపక్కన వస్తే ఒక్కటిగానే తీసుకుంటుంది, ఖాళీ గడి మాయమవుతుంది. ఐఎఫ్‌ఎస్‌లో కామా పెడితే అలా కాదు, ఖాళీ ఖాళీగానే మిగులుతుంది.

మెషీన్‌లో కార్డు పెట్టి పిడి నొక్కితే, రంధ్రమున్న చోట సూది కిందికి దిగి పాదరసాన్ని తాకేది. కరెంటు పారి డయల్ మీద ముల్లు ఒక అంకె ముందుకు కదిలేది. కార్డు సరిగ్గా నమోదైతే గంట మోగేది. మోగలేదంటే ఆపరేటర్ ఆగి చూసుకోవాల్సిందే.

1889లో పేటెంట్లు వచ్చాయి. 1890 లెక్కల్లో 6 కోట్ల 20 లక్షలకు పైగా ఉన్న జనం మొత్తం కొన్ని నెలల్లోనే తేలింది. 1896లో సొంత కంపెనీ పెట్టాడు. కానీ మొండి మనిషి. మెషీన్ల అద్దె విషయంలో జనాభా లెక్కల ఆఫీసుతో పేచీ వచ్చింది. తగ్గలేదు. వాళ్లు సొంత మెషీన్లు చేయించుకుని 1910 లెక్కలు ఆయన లేకుండానే కానిచ్చారు. అంత పెద్ద ఖాతాదారు చేజారింది. 1911లో ఆయన కంపెనీ మరికొన్నింటితో కలిసిపోయింది. అదే 1924లో ఐబీఎం అయింది. 1929లో హోలరిత్ కన్నుమూశాడు.

ఇక మీ పనికొద్దాం. డేటా ఎంట్రీ అయినా, సర్వర్ నిర్వహణ అయినా, టెస్టింగ్ అయినా ఈ మూడు అలవాట్లు చేసుకోండి. ఒకటి, ముక్కలు చేసే ముందు ఆక్‌లోని ఎన్‌ఎఫ్‌తో ప్రతి వరుసలో ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టండి. తేడా ఉన్న వరుసను పక్కన పెట్టి చూడండి. రెండు, రీడ్‌లో వేరియబుల్స్ కంటే ముక్కలు ఎక్కువైతే మిగిలిందంతా చివరి దాంట్లో పడుతుందని గుర్తుంచుకోండి. చివర అదనంగా ఒక వేరియబుల్ పెడితే ఆ చెత్త అక్కడ దొరికిపోతుంది. మూడు, చిరునామాలో బుగ్గారం, జగిత్యాల అని కామాతో రాసి ఉంటే, కామా దగ్గర కోసే స్క్రిప్ట్ ఊరినీ జిల్లానూ రెండు గడులు చేసేస్తుంది. అలాంటి ఫైళ్లకు పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ వాడండి. కోట్స్ మధ్య ఉన్న కామాను అది ముట్టదు.

గడి తప్పిన వరుస వెనక ఒక మనిషి ఉంటాడు. అతని పింఛనో, స్కాలర్‌షిప్పో ఆ గడి మీదే ఆధారపడి ఉండొచ్చు. హోలరిత్ మెషీన్‌కు గంట ఉంది. మీ స్క్రిప్ట్‌కు లేదు కాబట్టి మీరే కట్టండి.